గ్లాంజా: టొయోటా పేరు, సుజుకి బండి

పర్లాకిమిడిలో ఎవరైనా టొయోటా గ్లాంజా కారు కొంటామనగానే ముందు వినిపించే మాట "అది మారుతి సుజుకి బలెనోయే కదా, పేరు మార్చి అమ్ముతున్నారు" అని. నిజమే, తయారయ్యేది గుజరాత్‌లో సుజుకి ప్లాంట్‌లోనే, 2019 జూన్ నుంచి టొయోటా తన షోరూముల్లో అమ్ముతోంది. కానీ ఇందులో మోసమేమీ లేదండీ, రెండు కంపెనీలూ బాహాటంగా చెప్పి పెట్టుకున్న పొత్తు ఇది, కొనేవాళ్లకీ దీంట్లో లాభం ఉందని వాడుతున్నవాడిగా గట్టిగా చెప్తాను.

బండి బాగుంది. 1.2 లీటర్ పెట్రోల్ ఇంజన్ శబ్దం తక్కువ, స్టీరింగ్ తేలిక, పాతపట్నం బజారులో తిప్పుకోవడానికి హాయి. తప్తపాణి ఘాట్‌లో మాత్రం నలుగురు, సామాను, పైన ఏసీ కూడా ఉంటే గేరు తగ్గించక తప్పదు. వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్లకి ఇరుకే.

ఇక పొత్తు సంగతి. టొయోటా సొంత చిన్న కారు ఎటియోస్ లివా 2020లో ఆగిపోయింది, దాని బదులు కొత్తది తయారు చేయాలంటే ఏళ్లు పడుతుంది, కోట్లు పొయ్యాలి. సుజుకికేమో టొయోటా దగ్గరున్న హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజన్‌కి తోడు కరెంటు మోటారు) టెక్నాలజీ కావాలి. అందుకే బలెనో ఇటు గ్లాంజాగా వచ్చింది, టొయోటా ఇన్నోవా హైక్రాస్ 2023లో ఇన్విక్టో పేరుతో అటు మారుతికి వెళ్లింది. మనకి ఒరిగిందేమిటంటే వారంటీ. టొయోటా 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లు ఇస్తుంటే మారుతి 2024 జులై దాకా రెండేళ్ల దగ్గరే ఉంది, తర్వాత తనూ మూడేళ్లు చేసింది. అంటే ఇప్పుడు ఆ తేడా పోయింది, మీకు దగ్గరలో ఎవరి సర్వీస్ బాగుందో అదే చూసుకోవాలి.

ఒక షోరూమ్‌లో సేల్స్ కుర్రాడు "ఒకటే బండి సార్, మారుతి సర్వీస్‌లో ఎక్కడైనా చేయించుకోవచ్చు" అన్నాడు. ఇలా చెప్పడం చాలా తప్పు, నాకు కోపం వచ్చింది. ఇంజన్ ఒకటే అయినా వారంటీ ఇచ్చేది టొయోటా, అది నిలవాలంటే టొయోటా సర్వీస్‌కే వెళ్లాలి. రాయగడ, గుణుపురం వైపు వాళ్లు బుక్ చేసే ముందే సర్వీస్ సెంటర్ ఎంత దూరమో కనుక్కోండి. ముందు బంపర్, గ్రిల్ కూడా బలెనోవి దీనికి సరిపోవు.

పొత్తు తెగిపోతే ఏంటి గతి అని మా బావ అడుగుతుంటాడు, ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఫోక్స్‌వాగన్‌తో 2009లో కలిసిన ఇదే సుజుకి 2015కల్లా గొడవపడి విడిపోయింది. ఫోర్డ్, మహీంద్రా 2019లో ఒప్పందం చేసుకుని ఏడాది తిరిగేసరికి రద్దు చేసుకున్నాయి, 2021లో ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీయే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. కానీ హీరో, హోండా 1984లో కలిసి 2010లో విడిపోతున్నట్టు చెప్పినా స్ప్లెండర్ సామాను ఇప్పటికీ ఊరూరా దొరుకుతోంది, ఎందుకంటే ఆ బండిని హీరో ఆపకుండా తయారు చేస్తూనే ఉంది. బలెనోలు రోడ్డు మీద అన్ని ఉన్నాయి కాబట్టి గ్లాంజా ఇంజన్ సామానుకి నాకు టెన్షన్ లేదు.

నా మార్కులు 5కి 4. కొంటే ఇన్సూరెన్స్ జీరో డెప్ (పార్టులు పాతబడ్డాయని క్లెయిమ్‌లో డబ్బు కోయని పాలసీ) తీసుకోండి, మన ఘాట్ రోడ్లలో మేకలు అడ్డమొస్తే ముందు పోయేది ఆ బంపరే.