మెటల్ మ్యూజిక్ సీడీలు ఇన్‌స్టాలో కొనేవాళ్లు జాగ్రత్త, ఇంపోర్ట్ ఒరిజినల్ అని చెప్పి ఇంట్లో రైట్ చేసిన డిస్కులు పంపుతున్నారు

అన్నలూ తమ్ముళ్లూ, అనంతపురం, కడప, కర్నూలు పక్క మెటల్ వినేవాళ్లమే కొంతమందిమి, అందులో డబ్బులు పెట్టి సీడీలు కొనేవాళ్లు ఇంకా తక్కువ, అందుకే ఇది మీకందరికీ చేరాలని రాస్తున్నా. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీవాడు కొత్త రిలీజులు ‘ఇంపోర్ట్, సీల్డ్, ఒరిజినల్’ అని పోస్టులు పెట్టి, ఖాళీ డిస్కుల మీద కంప్యూటర్‌లో రైట్ చేసి పంపుతున్నాడు. నాకు అట్లనే పంపినాడు, తాడిపత్రిలో నాకు తెలిసిన పిల్లోనికీ అట్లనే పంపినాడు, వాడు పాకెట్ మనీ దాచుకొని కొన్నాడు పాపం.

నేను ఆర్డర్ పెట్టింది మూడు బ్యాండ్ల ఆల్బమ్‌లు, కరోనర్ ‘డిసొనెన్స్ థియరీ’, పారడైజ్ లాస్ట్ ‘అసెన్షన్’, ఇంకా బ్లడ్ ఇంకాంటేషన్ ‘అబ్సల్యూట్ ఎల్స్‌వేర్’, మూడిటికీ కలిపి 3,600 యూపీఐలో కట్టినా. కరోనర్ గురించి తెలిసినోళ్లకి నేను చెప్పేదేముంది, 1993లో ‘గ్రిన్’ వచ్చినాక మళ్లీ కొత్త ఫుల్ ఆల్బమ్ 2025 అక్టోబర్‌లోనే, అంటే 32 ఏళ్లు. అట్లాంటిది రిలీజ్ అయితే డిస్క్ చేతిలో పట్టుకోవాలని ఎవరికుండదు చెప్పండి, మన ఊర్లలో చూసి కొనుక్కునే షాపు కూడా లేదు, ఈ ఆత్రం చూసుకునే వాడు వ్యాపారం చేసేది. ‘స్టాక్ రెండే ఉన్నాయి బ్రో, సాయంత్రం లోపల కట్టకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తా’ అని మెసేజ్ మీద మెసేజ్.

పార్సిల్ వచ్చింది. పైన ప్లాస్టిక్ సీల్ బాగానే ఉంది, చూస్తే ఎవరికీ అనుమానం రాదు, కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, ఆ సీల్ వేసే మెషిన్ ఎవడైనా కొనుక్కోవచ్చు కాబట్టి సీల్ ఉందంటే ఒరిజినల్ అని ఏమీ లేదు. తీసి చూస్తే కవర్ మీద చిన్న అక్షరాలు మసకమసకగా ఉన్నాయి, లేబుల్ (ఆల్బమ్ రిలీజ్ చేసే కంపెనీ) పేరు సరిగ్గా చదవడానికే రాలేదు, బుక్‌లెట్ అనేది ఒక్క మడత కాగితం, లోపలంతా తెల్లగా, లిరిక్స్ లేవు, ఎవరు ఏం వాయించినారో లేదు. డిస్క్ తిప్పితే అడుగున ఊదా కలిసిన లేత ఆకుపచ్చ రంగు. ఫ్యాక్టరీలో ప్రెస్ చేసిన సీడీ అడుగున అద్దంలాగా వెండి రంగులో ఉంటుంది, ఇట్లా రంగు కనపడిందంటే అది రైట్ చేసిన సీడీ-ఆర్. ఇంకో గుర్తు, మధ్యలో బొక్క చుట్టూ రింగు ఉంటుంది కదా, లైటు కింద పట్టుకొని చూస్తే దాని మీద మ్యాట్రిక్స్ నంబర్ (ఫ్యాక్టరీలో ఆ సీడీకి వేసే నంబర్), సాధారణంగా ఐఎఫ్‌పీఐ అని మొదలయ్యే చిన్న కోడ్ (ఏ ఫ్యాక్టరీదో చెప్పేది) ఉంటాయి. నాకొచ్చిన మూడు డిస్కుల్లో ఖాళీ డిస్క్ కంపెనీ నంబర్ తప్ప ఇంకేం లేదు. మ్యాట్రిక్స్ నంబర్ దొరికితే డిస్కాగ్స్ అని సీడీలు, రికార్డుల వివరాలుండే సైటులో కొట్టి చూడండి, ఏ ప్రెస్సింగో, అంటే ఏ విడతలో వేసిన కాపీనో తెలిసిపోతుంది. పాత సీడీలు కొనేవాళ్లకి ఒక మాట, ఐఎఫ్‌పీఐ కోడ్ 1994 నుంచే మొదలైంది, దానికి ముందరి డిస్కుల్లో లేదని నకిలీ అనుకోవద్దండి.

విన్నాక ఇంకా మండింది. ‘అబ్సల్యూట్ ఎల్స్‌వేర్’ విన్నవాళ్లకి తెలుసు, అందులో ఉండేవి రెండే పెద్ద పాటలు, ‘ద స్టార్‌గేట్’, ‘ద మెసేజ్’, ఒక్కోదాంట్లో మూడు భాగాలు, వాటికి టాబ్లెట్లు అని పేరు, ఒకదాంట్లో నుంచి ఇంకోదాంట్లోకి ఆగకుండా పోతాయి. బెర్లిన్‌లో హాన్సా స్టూడియోలో రికార్డ్ చేసినారు, టాంజెరిన్ డ్రీమ్ అనే జర్మన్ ఎలక్ట్రానిక్ బ్యాండ్ నుంచి థోర్‌స్టెన్ క్వేష్నింగ్ వచ్చి సింథసైజర్ వాయించినాడు, డెత్ మెటల్ నుంచి ఆ సింథ్‌లోకి జారిపోయే చోటే ఆ ఆల్బమ్ ప్రాణం. నా డిస్కులో సరిగ్గా టాబ్లెట్ మారే చోట రెండు సెకన్లు నిశ్శబ్దం! ఎంపీ3 ఫైళ్లు తెచ్చి పాటకీ పాటకీ మధ్య గ్యాప్ పెట్టి రైట్ చేసేసినాడు, వాడు ఆ ఆల్బమ్ ఒక్కసారి కూడా విన్నట్టు లేడు. సింబల్స్ అయితే తడి చీపురుతో ఊడుస్తున్నట్టు చుయ్ చుయ్ మంటాయి. పాటలో ఏ ఫ్రీక్వెన్సీ దాకా శబ్దం ఉందో బొమ్మగా చూపే స్పెక్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, కంప్యూటర్‌లోకి కాపీ చేసి దాంట్లో పెట్టి చూస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు పైన ఏమీ లేదు, అది మామూలుగా 128 కేబీపీఎస్ ఎంపీ3లో కనపడే గుర్తు, నిజమైన సీడీలో అయితే దాదాపు 22 దాకా పోతుంది.

అడిగితే ముందు అన్‌బాక్సింగ్ వీడియో పంపమన్నాడు, నా దగ్గర ఉంది కాబట్టి పంపినా, అప్పుడు ‘ఇది ఏషియా ప్రెస్సింగ్ బ్రో, ఇట్లనే ఉంటుంది’ అన్నాడు, రింగు ఫోటో పెట్టి నంబర్ ఏదని అడిగేసరికి బ్లాక్ చేసినాడు. వాని పేజీలో ఉండే షెల్ఫ్ ఫోటోలు కూడా వానివి కావు, గూగుల్ లెన్స్‌లో వెతికితే వేరే దేశం కలెక్టర్లవి. కామెంట్లు ఆఫ్, యూపీఐలో వచ్చే పేరు ఒకటి, పేజీలో చెప్పుకునే పేరు ఇంకోటి.

సీడీ-ఆర్ అంటే అన్నీ మోసమే అని కాదు. అండర్‌గ్రౌండ్ బ్యాండ్లు డెమోలు సీడీ-ఆర్ మీద వేసుకుంటాయి, కానీ అది సీడీ-ఆర్ అని ముందే రాసి అమ్ముతారు, రేటు కూడా అట్లనే ఉంటుంది. ఇంపోర్ట్ రేటు తీసుకొని ఇది అంటగట్టడం దొంగతనం, బ్యాండుకి దీంట్లో పైసా పోదు.

కాబట్టి డబ్బులు కట్టక ముందే డిస్క్ అడుగు ఫోటో, రింగు దగ్గరి ఫోటో అడగండి, సీల్డ్ కాబట్టి తీయలేం అంటే కనీసం క్యాష్ ఆన్ డెలివరీ ఇవ్వమనండి, రెండూ కుదరదంటే వదిలేయండి. నా మటుకు ఇకపైన లేబుల్ దగ్గరో బ్యాండ్ దగ్గరో నేరుగా కొనుడే. ముంబైలో ట్రాన్సెండింగ్ అబ్‌స్క్యూరిటీ లేబుల్ ఉంది, ఎక్స్‌ట్రీమ్ మెటల్ మీదే పనిచేస్తారు. బ్యాండ్‌క్యాంప్ అని బ్యాండ్లు, లేబుళ్లు నేరుగా అమ్ముకునే సైటులో అయితే డిజిటల్ మీద 15 శాతం, సీడీల మీద 10 శాతం సైటు తీసుకుంటుంది, మిగతాది పేమెంట్ చార్జీలు పోను అమ్మేవాళ్లకే, బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అని వాళ్లు ప్రకటించే కొన్ని శుక్రవారాల్లో ఆ వాటా కూడా తీసుకోరు. బయట దేశం నుంచి తెప్పిస్తే పోస్ట్ ఖర్చు, కస్టమ్స్ కలిసి వాచిపోతుంది, అది నిజమే, నలుగురం కలిసి ఒకే ఆర్డర్ పెట్టుకుంటే కొంచెం తగ్గుతుంది. బెంగుళూరు అనంతపురం నుంచి రైల్లో నాలుగైదు గంటలే కదా, క్రిప్టోస్ లాంటి అక్కడి బ్యాండ్ల షోకి పోయినప్పుడు బ్యాండ్ వాళ్లు సీడీలు, టీషర్టులు అమ్మే మెర్చ్ టేబుల్ దగ్గర చేత్తో తిప్పి చూసుకొని కొనొచ్చు.

ఇప్పటికే వాని దగ్గర కొన్నవాళ్లు, డబ్బులు కట్టి పార్సిలే రానివాళ్లు ఉంటే లేట్ చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, వస్తువు నకిలీ వస్తే 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ ఉంది, నేను రెండింటిలోనూ పెట్టినా. యూపీఐ యూటీఆర్ నంబర్ (పేమెంట్ రిఫరెన్స్ నంబర్), చాట్ స్క్రీన్‌షాట్లు, డిస్కుల ఫోటోలు అన్నీ దగ్గర పెట్టుకోండి, బ్లాక్ చేస్తే చాట్ పోతుందేమో ముందే తీసుకోండి. పార్సిల్ కవర్ మాత్రం పారేయొద్దండి, దాని మీద బుకింగ్ ఎక్కడ నుంచి చేసినాడో ఉంటుంది. నా కవర్ మీద, తాడిపత్రి పిల్లోని కవర్ మీద బుకింగ్ ఊరు ఒకటే ఉంది, మీదాంట్లో ఏముందో చూసి మెసేజ్ పెట్టండి, అందరివీ కలిపి కంప్లైంట్‌కి జత చేస్తా.