షార్క్ కేజ్ డైవింగ్‌కి డబ్బు కట్టేముందు ‘గ్యారంటీ’ అంటే ఏమిటో అడగండి

దక్షిణాఫ్రికా వెళ్లే మనవాళ్లు చాలామంది కేప్‌టౌన్ నుంచి ఒక రోజు గాన్స్‌బాయ్ అనే తీరపట్టణానికి వెళ్లి, బోనులో దిగి గ్రేట్ వైట్ షార్క్‌ను చూడాలని ముందే ప్లాన్ వేసుకుంటారు. మేమూ అలాగే వెళ్లాం. గ్రేట్ వైట్ కనిపించలేదు. సముద్రంలో తిరిగే జంతువు మనం టికెట్ కొన్నామని వస్తుందా? దాని మీద నాకు గొడవ లేదు. కంపెనీకి ముందే తెలిసి మాకు చెప్పని విషయం మీదే గొడవ.

2017 నుంచి ఆ తీరంలో పరిస్థితి మారిపోయింది. పోర్ట్, స్టార్‌బోర్డ్ అని పేర్లు పెట్టిన రెండు ఓర్కాలు, అంటే కిల్లర్ వేల్స్ (ఒకదాని వీపు రెక్క ఎడమకి, ఇంకోదానిది కుడికి వాలి ఉంటుంది) గ్రేట్ వైట్‌లను చంపి కాలేయం మాత్రం తినేసి పోతున్నాయి. అలాంటి కళేబరాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మిగిలిన గ్రేట్ వైట్‌లు చాలావరకు ఆ ప్రాంతం వదిలేశాయి. ఒకప్పుడు గాన్స్‌బాయ్ దగ్గరి డయ్యర్ దీవి పక్కన సీల్స్ కోసం అవి గుమిగూడిన చోట, ఇప్పుడు నెలల తరబడి ఒక్కటీ కనపడకపోవడమూ ఉంది. వలలు, లాంగ్‌లైన్ (ఎన్నో గాలాలు కట్టిన పొడవాటి తాడు) చేపలవేట కూడా కారణమేనని వాదించే శాస్త్రవేత్తలున్నారు. ఏదైనా, అక్కడ రోజూ బోటు నడిపేవాళ్లకి ఇదంతా కొత్త సంగతి కాదు.

కానీ వాళ్ల బుకింగ్ పేజీ నిండా నోరు తెరిచిన గ్రేట్ వైట్‌లే. కింద పెద్ద అక్షరాలతో ‘షార్క్ సైటింగ్ గ్యారంటీ’. ఆ ఫొటోల్లో నీళ్లు కూడా చూడండి. అద్దంలా తేటగా, ముదురు నీలంగా ఉంటే అనుమానించాల్సిందే. గాన్స్‌బాయ్ నీళ్లు పచ్చగా, మసకగా ఉంటాయి. అలాంటి నీలం ఫొటోలకి పేరున్నది మెక్సికోలోని గ్వాడలూపే దీవి. అక్కడ 2023లో కేజ్ డైవింగ్ నిషేధించారు.

క్లైన్‌బాయ్ రేవు నుంచి బయల్దేరి లంగరు వేశాక గానీ గైడు నోరు విప్పలేదు: ‘ఈ రోజు ఎక్కువగా బ్రాంజీలు రావచ్చు’ అన్నాడు. అంటే బ్రాంజ్ వేలర్‌లు, ఇంకో జాతి. ఒడ్డు మీద ఈ మాట చెబితే ఎంతమంది ఎక్కేవాళ్లో.

బోనులో అనుభవం చెడ్డదని అనను. డైవింగ్ సర్టిఫికెట్ అక్కర్లేదు, బోను బోటు పక్కనే కట్టి ఉంటుంది, తల నీళ్ల పైనే. సిబ్బంది తాడుకి కట్టిన ట్యూనా తలను లాగుతూ ‘డౌన్’ అని అరవగానే ఊపిరి బిగబట్టి, కాళ్లు అడుగు కమ్మీ కింద ఇరికించి మునగాలి. వెట్‌సూట్ మెడ సందులోంచి దిగే చలికి ఆ ఊపిరి నిలవదు. అంతలో రాగిరంగు ఒంటి పక్కభాగం ఒకటి ముఖానికి చేయంత దూరంలోంచి జారిపోయింది. అందమైన చేపే. నా పక్కనున్నావిడ పైకి లేచి ‘గ్రేట్ వైట్!’ అని కేకలేసింది. సిబ్బందిలో ఎవరూ కాదనలేదు. తర్వాత నేను ఒక కుర్రాడిని ‘చివరిసారి నిజమైన గ్రేట్ వైట్ ఎప్పుడొచ్చింది?’ అని అడిగితే, కెప్టెన్ వైపు ఓసారి చూసి ‘చాలా రోజులైంది’ అన్నాడు.

డబ్బు వాపసు అడిగితే నిబంధనలు చూపించారు. ఏ జాతి షార్క్ కనిపించినా గ్యారంటీ తీరినట్టే. ఏదీ రాకపోతే ఇంకో ట్రిప్‌కి వోచర్, నగదు లేదు. రెండు రోజుల్లో విమానం ఎక్కేవాడికి వోచర్ ఎందుకు?

మీరు వెళ్లాలనుకుంటే మెయిల్‌లో సూటిగా అడగండి: గత నెలలో గ్రేట్ వైట్ ఎన్ని రోజులు కనిపించింది? జాతి పేరు లేకుండా ‘షార్క్స్’ అని జవాబొస్తే అర్థం చేసుకోండి. ఏ రోజు ఏ జాతి వచ్చిందో నిజాయితీగా రోజూ రాసే కంపెనీలు అక్కడే ఉన్నాయి. డబ్బు కట్టేముందు బుకింగ్ పేజీ స్క్రీన్‌షాట్ తీసుకోండి. నేను బ్యాంకులో డిస్ప్యూట్ (ఆ చెల్లింపు మీద అభ్యంతరం) వేయగలిగింది దానివల్లే, ఎందుకంటే మేం తిరిగొచ్చేసరికి ఆ పేజీలో ‘గ్యారంటీ’ లైను లేదు.