పెరటి నల్లాకు స్ప్రింక్లర్లు: నాలుగు వేసవుల తరువాత

పెరటి నల్లాకు స్ప్రింక్లర్లు బిగించుకోవాలనుకునే వారికి నేను మొదట చెప్పే మాట ఒక్కటే: ఆ నల్లాకు నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో చూసుకున్న తరువాతే, వేళకు నీళ్లను తానే తెరిచి మూసే టైమరు కొనండి. హనుమకొండలోని మా ఇంటికి 2022 మార్చిలో ఈ ఏర్పాటు చేసుకున్నప్పుడు నేను ఆ ఒక్కటీ చూసుకోలేదు. స్ప్రింక్లర్లు ఎంత దూరం చల్లుతాయో, పైపు ఏ రకమో, పచ్చికకు ఎన్ని నిమిషాలు తడపాలో అన్నీ ఆరా తీశాను గాని, మా నల్లాకు వచ్చేవి మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకు నీళ్లేనన్న సంగతిని లెక్కలోకి తీసుకోలేదు.

మొదట కొన్న టైమరు ఆరు వారాలు బాగానే పనిచేసింది. తెల్లవారుజామున ఐదు గంటలకు తెరుచుకుని, పదిహేను నిమిషాలకు మూసుకునేది. మే నెలలో ఒక శనివారం ఇంటికి చుట్టాలు రావడంతో రాత్రికే ట్యాంకు సగానికి పడిపోయింది. ఆదివారం తెల్లవారి ఐదింటికి తెరుచుకున్న టైమరు మళ్లీ మూసుకోలేదు. నేను ఏడు గంటలకు లేచి చూసేసరికి పచ్చిక మడిలా నీళ్లు నిలిచి ఉంది, స్నానాల గదిలో చుక్క లేదు. రాత్రి వీచిన గాలిదుమారానికి కరెంటు పోయింది కనుక సంపు నిండా నీళ్లున్నా మోటరు వేసే వీలు లేదు. పక్కింటి వారు ఇచ్చిన నాలుగు బకెట్లతో పదకొండు మంది పదకొండు గంటల దాకా సర్దుకోవలసి వచ్చింది. మా అత్తగారు ఒక్క మాట కూడా అనలేదు గాని, ఆ ఉదయం నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ గుర్తుంది.

మరుసటి రోజు వచ్చిన ప్లంబరు టైమరును చేతిలోకి తీసుకుని, "ట్యాంకు నీళ్లకు ఇది ఆగదు సార్, దీనికి ప్రెషర్ కావాలి" అన్నారు. ఆయన చెప్పినది అక్షరాలా నిజమని తరువాత తెలుసుకున్నాను. ఈ రకం టైమర్ల లోపల రబ్బరు పొర ఒకటి ఉంటుంది. బ్యాటరీ చేసే పని చిన్న రంధ్రాన్ని తెరవడం, మూయడం మాత్రమే. అసలు దారిని మూసే బలం నీటి ఒత్తిడి నుంచే రావాలి. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కేజీ ఒత్తిడి ఉంటుంది. మా ట్యాంకు పెరటి నల్లాకు ఏడు మీటర్ల ఎత్తున ఉంది, ఒత్తిడిని కొలిచే గేజీ తెచ్చి పెడితే 0.7 కేజీ చూపింది. నీళ్లు పారుతున్నప్పుడు అది ఇంకా పడిపోయేది. ట్యాంకు నిండుగా ఉన్న రోజుల్లో ఆ పొర ఎలాగో బిగిసేది, సగమైన రోజున బిగియలేదు. కనీసం ఒక కేజీ ఒత్తిడి అవసరమన్న షరతు ఆ టైమరు పుస్తకంలోనే ఉంది. అయితే చివరి పుటలో, కళ్లద్దాలు పెట్టుకున్నా కష్టంగా కనిపించే అక్షరాలలో ఉంది. గరిష్ఠ ఒత్తిడిని మాత్రం పెట్టె మీద పెద్ద అంకెలతో ముద్రించారు. మన ఊళ్లలో ఎక్కువ ఇళ్లకు నీళ్లు మేడ మీది ట్యాంకు నుంచే దిగుతాయని తెలిసి కూడా ఇలా అమ్మడం మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

రెండవసారి బాల్ వాల్వ్ టైమరు కొన్నాను. ఇందులో చిన్న మోటరు ఒకటి లోపలి గుండును తిప్పి దారిని తెరుస్తుంది, మూస్తుంది. నీటి ఒత్తిడితో దానికి నిమిత్తం లేదు. నేల మీద పెట్టిన డ్రమ్ముకు బిగించినా పనిచేస్తుంది. మొదటి ఏడాది నేను దీనిని కనిపించిన వారందరికీ సిఫారసు చేశాను.

ఒత్తిడి సంగతి తేలిన తరువాత ధార సంగతి చూశాను. పదిహేను లీటర్ల బకెట్టు మా నల్లా కింద నిండడానికి 75 సెకన్లు పట్టింది, అంటే గంటకు 720 లీటర్లు. నేను గంటకు 50 లీటర్లు చల్లే మైక్రో స్ప్రింక్లర్లు ఇరవై నాలుగు బిగించాను, వాటన్నిటికీ 1,200 లీటర్లు కావాలి. చివరి వరుసలో నీళ్లు చిమ్మకుండా కారడానికి కారణం అదేనని అప్పుడు గాని అర్థం కాలేదు. లైనును రెండుగా విడదీసి, పన్నెండేసి చొప్పున వంతులవారీగా నడుపుతున్నాను. నల్లా మూతికి మర చుట్లు లేక పైపు ఊడిపోతుంటే, చుట్లున్న ముప్పావు అంగుళం నల్లా వేయించాను. పెద్ద స్ప్రింక్లర్ల ఆలోచన మానుకున్నాను, వాటికి రెండు కేజీలైనా కావాలి.

నాకు అన్నిటికంటే సంతోషం కలిగించింది మాత్రం టైమరు కాదు, ప్లంబరు ఇచ్చిన సలహా. ట్యాంకుకు సరిగ్గా నడి ఎత్తున ఒక రంధ్రం చేసి, నిపుల్ బిగించి, అక్కడి నుంచి పెరటికి విడిగా అంగుళం పైపు దింపారు. ఇక టైమరు ఎంత మొండికేసినా, రాత్రంతా తెరుచుకునే ఉన్నా, అడుగున ఐదు వందల లీటర్లు ఇంటికి మిగిలే ఉంటాయి. ఇంటి నల్లాల పైపుతో సంబంధం తెగిపోయింది కనుక, ట్యాంకు కడిగే రోజున మొక్కల దగ్గరి మట్టి నీళ్లు వెనక్కి లాగి వంటింటి నల్లాలోకి వస్తాయన్న భయమూ లేదు. అంతకు ముందు వంపులు తిరిగిన అరంగుళం పైపులో వచ్చే నీళ్లు ఇప్పుడు తిన్నగా దిగుతున్నందువల్ల అదే బకెట్టు 40 సెకన్లలో నిండుతోంది. నేను ఆశించనిది అది. రెండు వేలకు లోపు ఖర్చుతో ఇంత నిశ్చింత దొరుకుతుందని ముందే తెలిసి ఉంటే, టైమరు కొనకముందే ఈ పని చేయించి ఉండేవాడిని.

బాల్ వాల్వ్ టైమరును గురించి మొదటి ఏడాది నేను చెప్పిన మాటలను కొంత సవరించుకోవాలి. తెరుచుకుని ఉండగా బ్యాటరీలు అయిపోతే అది అలాగే తెరిచి ఉండిపోతుంది. 2023లో ఒకసారి అలా జరిగింది, నడి ఎత్తు రంధ్రం వల్లనే ఇల్లు గట్టెక్కింది. అప్పటి నుంచి ఉగాదికి, దసరాకు బ్యాటరీలు మార్చేస్తున్నాను. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. మూడవ ఏడాదికి గుండు చుట్టూ తెల్లటి పొర పేరుకుని, తిరిగేటప్పుడు మోటరు మూలగడం మొదలైంది. విప్పి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో ఒక రాత్రి నానబెడితే మళ్లీ కుదుటపడింది గాని, మొదట్లో ఉన్నంత చురుకుగా లేదు. ఫిల్టరు జల్లెడను పది రోజులకొకసారి కడగకపోతే స్ప్రింక్లర్ల మూతులు పూడుకుపోతాయి.

మా పెరట్లో ఉన్నది అరవై గజాల పచ్చిక, మల్లె పాదులు, కుండీలు. 44 డిగ్రీలను తాకే ఎండల్లో మేము నాలుగు రోజులు ఊరికి వెళ్లి వచ్చినా అవి పచ్చగానే ఉంటున్నాయి, కాబట్టి నా అవసరానికి ఇది సరిపోయింది. టమాటా మొక్కలకు మాత్రం ఆకులు తడిస్తే తెగులు వస్తోందని చేత్తోనే పాదుల్లో నీళ్లు పోస్తున్నాను. ఇంట్లో ప్రెషర్ పంపు ఉన్నవారికి నా ఫిర్యాదు వర్తించకపోవచ్చు. జనగామలో మా తమ్ముడి ఇంట్లో పంపు ఉంది. నా మొదటి టైమరును తీసుకువెళ్లి అక్కడ బిగించాను, రెండేళ్లుగా వేళ తప్పకుండా మూసుకుంటోంది.