ముదిరిన సర్విక్స్ (గర్భసంచి ముఖద్వారం) క్యాన్సర్‌కి స్టేజింగ్, అంటే జబ్బు ఎంతదాకా పాకిందో తేల్చడం: పెట్ స్కాన్ చాలా, ఆపరేషన్ చేసి చూడాలా? ఏది మేలు?

ముందే చెప్పేస్తున్నా, ఇక్కడ ఆపరేషన్ అంటే గర్భసంచి తీసేయడం కాదు. జబ్బు 2బి స్టేజ్ (సర్విక్స్ దాటి పక్క కణజాలానికి పాకడం) నుంచి మామూలుగా ఇచ్చే వైద్యం కరెంటు పెట్టడం (రేడియేషన్), దాంతోపాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, ఆపైన బ్రాకీథెరపీ (లోపల నుంచి ఇచ్చే రేడియేషన్). మనం మాట్లాడుకునే ఆపరేషన్ కేవలం చూడటానికి. మహాధమని పక్కన ఉండే లింఫు గ్రంథులను (కొన్నిచోట్ల పొత్తికడుపులోవి కూడా) లాపరోస్కోపీతో (చిన్న గాట్లలోంచి కెమెరా పంపి చేసే ఆపరేషన్) తీసి ల్యాబ్‌కి పంపి, జబ్బు ఎక్కడిదాకా పాకిందో తేల్చుకుంటారు.

ఎందుకింత తిప్పలంటే, రేడియేషన్ ఎంత ఎత్తు వరకు ఇవ్వాలో ఆ గ్రంథులను బట్టే ఉంటుంది. పొత్తికడుపు గ్రంథులకే పాకితే 3సి1, మహాధమని దగ్గరివాటికి కూడా పాకితే 3సి2. 2018లో ఫిగో (స్త్రీల వైద్యుల అంతర్జాతీయ సమాఖ్య) స్టేజింగ్ మార్చినప్పుడు స్కాన్‌లో తేలినా, ల్యాబ్‌లో తేలినా లెక్కే అంది, పక్కన స్కాన్ అయితే ఆర్ అని, ల్యాబ్ అయితే పి అని రాయమంది, అంతే. 3సి2 అయితే ఫీల్డ్ (రేడియేషన్ పడే ప్రాంతం) కిడ్నీల ఎత్తు వరకు పెంచాలి. పేగులకు, ఎముక మజ్జకు భారం పెరుగుతుంది కాబట్టి ఊరికే పెంచేద్దాం అనడానికి లేదు.

గడ్డ సైజు, పక్కలకు ఎంత పాకింది అన్నది ఎమ్మారై బాగా చూపిస్తుంది. గ్రంథులకు పెట్ సీటీ, అందులో క్యాన్సర్ ఉన్నచోట వెలిగినట్టు కనపడుతుంది. ఉత్త సీటీ గ్రంథి సైజుని బట్టి ఊహిస్తుంది కాబట్టి దాని మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. అయితే పెట్ కూడా చిన్నవాటిని వదిలేస్తుంది. 2013లో వచ్చిన ఒక ఫ్రెంచ్ అధ్యయనంలో, మహాధమని దగ్గర పెట్‌లో ఏమీ కనపడని 237 మందికి ఆపరేషన్ చేసి చూస్తే 29 మందికి అక్కడ జబ్బు ఉంది, అంటే 12 శాతం. ఆపరేషన్ కావాలనేవాళ్లు ఈ అంకె దగ్గరే ఆగిపోతారు, కానీ అసలు సంగతి ఆ తర్వాతే ఉంది: గ్రంథిలో క్యాన్సర్ మచ్చ 5 మిల్లీమీటర్లలోపు ఉన్నవాళ్లలో 3 ఏళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నది 69 శాతం, గ్రంథులు శుభ్రంగా ఉన్నవాళ్లలో 74 శాతం, ఆ రెండిటికీ పెద్ద తేడా లేదు. మచ్చ 5 మిల్లీమీటర్లు దాటినవాళ్లలో మాత్రం 17 శాతమే. ఫీల్డ్ పెంచి ఇచ్చినా అంతే. చిన్న మచ్చలవాళ్లకి ఆపరేషనే మేలు చేసిందా అంటే, ఆపరేషన్ చేయించుకోని గుంపు పక్కన లేదు కాబట్టి తేల్చలేం.

లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి పోల్చినవి కొన్నే. తైవాన్‌లో 2003 నాటిది చిన్నది, 61 మందే. ఆపరేషన్ గుంపే దెబ్బతింటోందని మధ్యలో ఆపేశారు. జర్మనీలో జరిగిన యూటరస్-11లో 255 మంది. ఆపరేషన్ గుంపులో మూడో వంతు మందికి స్టేజ్ పైకి మారింది, అయినా మొత్తమ్మీద జబ్బు తిరగబెట్టడంలో గట్టిగా చెప్పదగ్గ తేడా రాలేదు. 2బి వాళ్లకి లాభం కనపడిందంటారు గానీ, మొత్తం ఫలితం తేలనప్పుడు అందులో ఒక ముక్క తీసి చూపిస్తే నేను సగమే నమ్ముతాను. అమెరికాలో లిలాక్స్ అని మొదలెట్టిన ట్రయల్‌కి సరిపడా మనుషులే దొరక్క మూతపడింది.

కాబట్టి నా ఓటు పెట్ సీటీ, ఎమ్మారైలకే. ఆపరేషన్ ఆలోచించాల్సింది ఒక్క సందర్భంలో: పెట్‌లో పొత్తికడుపు గ్రంథులు వెలిగాయి, పైన మహాధమని దగ్గర శుభ్రంగా ఉంది, చేసే టీమ్‌కి పేగుల జోలికి పోకుండా వెనక నుంచి వెళ్లే పద్ధతి బాగా వచ్చు, రేడియేషన్ మొదలుపెట్టడం ఆలస్యం కాదు. ఇందులో ఏది లేకపోయినా వద్దు. కడుపు లోపల్నుంచి వెళ్తే పేగులు అతుక్కుంటాయి, వాటి మీద రేడియేషన్ పడితే ఆ తర్వాత బాధ ఆ మనిషిదే. పైగా యూరప్ ఎంబ్రేస్-2 అధ్యయనం వేసిన దారి ఉండనే ఉంది, పొత్తికడుపులో మూడు లేదా అంతకన్నా ఎక్కువ గ్రంథులు ఉన్నా, కామన్ ఇలియాక్ గ్రంథికి (పొత్తికడుపు పైభాగంలో, మహాధమని చీలే చోటికి దగ్గర ఉండేది) పాకినా, ఆపరేషన్ లేకుండానే ఫీల్డ్ పైకి పెంచేస్తారు. వెలిగిన గ్రంథులకి అదే సిట్టింగుల్లో ఎక్కువ డోస్ ఇస్తారు.

మన దగ్గర ఇంకో చిక్కుంది, టీబీ. టీబీ గ్రంథి కూడా పెట్‌లో క్యాన్సర్‌లాగే వెలుగుతుంది. పొత్తికడుపులో ఏమీ లేకుండా పైన మహాధమని దగ్గర ఒక్కటే వెలిగితే, స్టేజ్ మార్చేముందు సీటీ చూస్తూ సూదితో ముక్క తీయడం కుదురుతుందా అని డాక్టర్ని అడగండి. చాలాసార్లు దానితోనే తేలిపోతుంది, లాపరోస్కోపీ దాకా వెళ్లక్కర్లేదు.