స్లాప్‌కి (బొటనవేలితో తీగల్ని కొట్టి వాయించే పద్ధతికి) యాక్టివ్ బేస్ గిటారా, పాసివ్‌దా?
ముందు ఒక మాట: యాక్టివ్ అని అమ్మే బేస్‌లలో చాలావాటికి పికప్‌లు (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చేవి) పాసివే, అంటే బ్యాటరీ అక్కర్లేనివే; లోపలి ప్రీయాంప్ (బ్యాటరీతో సిగ్నల్‌ని, టోన్‌ని పెంచే సర్క్యూట్) ఒక్కటే యాక్టివ్.

సౌండ్: యాక్టివ్‌లో ట్రెబుల్ గిటార్ మీదే పెంచుకోవచ్చు, పొడవాటి కేబుల్ వేసినా స్లాప్ మెరుపు పోదు. పాసివ్‌లో టోన్ నాబ్ తగ్గించడానికే, కానీ బొటనవేలి దెబ్బలో తేడాలు చక్కగా వినిపిస్తాయి.

తలనొప్పి: యాక్టివ్‌కి సాధారణంగా 9 వోల్టుల బ్యాటరీ; కేబుల్ పీకడం మర్చిపోతే అయిపోతుంది, అదీ సరిగ్గా స్టేజీ మీదే తెలుస్తుంది! పాసివ్‌కి ఆ టెన్షన్ లేదు.

స్లాప్‌కి పేరుమోసిన బేస్ వాద్యకారుడు మార్కస్ మిల్లర్ తన 1977 ఫెండర్ జాజ్ బేస్‌కి ప్రీయాంప్ పెట్టించుకున్న మాట నిజమే, అయినా కొత్త స్టీలు తీగలు వేయకుండా ప్రీయాంప్ కొనడం దండగ.

ఇంట్లో నేర్చుకునేవాళ్లకి పాసివ్ చాలు. రోజుకో యాంప్ మీద, బ్యాండ్ గోలలో వాయించేవాళ్లకి యాక్టివ్, అదీ పాసివ్‌కి మార్చే స్విచ్ ఉన్నదైతేనే.