ఐస్ ముక్కా, కొబ్బరినూనె సీసానా: పదార్థ స్థితుల పాఠానికి ఏది మేలు?

నాలుగైదు తరగతుల పిల్లలకు ఘన, ద్రవ, వాయు స్థితుల పాఠం చెప్పాలంటే మనలో చాలామందికి మొదట గుర్తొచ్చేది ఐస్ ముక్కే. అది చవక, బడి బయట చెరుకురసం బండి దగ్గర అడిగితే ఇస్తారు, పైగా ఒక పొయ్యి తోడుంటే మూడు స్థితులనూ ఒక్క పూటలోనే చూపించవచ్చు. హైదరాబాద్‌లో ఒక ప్రాథమిక పాఠశాలలో ఏళ్ల తరబడి అలాగే చెప్పిన నేను, ఇప్పుడు మాత్రం కొబ్బరినూనె సీసాతో మొదలుపెడుతున్నాను.

ఒకసారి ఐస్ పాఠం చక్కగా ముగిసిందనుకున్నాక, ‘ఇనుము కూడా ద్రవంగా మారుతుందా?’ అని అడిగితే తరగతిలో సగం మంది నవ్వారు. మూడు స్థితులు అనేవి నీటికి మాత్రమే ఉండే సంగతి అని వారికి అర్థమైంది. తప్పు పిల్లలది కాదు. ఐస్, నీళ్లు, ఆవిరి అని మనం ఒకే పదార్థాన్ని మూడు వేర్వేరు పేర్లతో పిలుస్తాం కాబట్టి, ఒకటి పోయి మరొకటి వచ్చిందని ఎనిమిదేళ్ల పిల్ల అనుకోవడంలో వింత లేదు. కొబ్బరినూనెకు ఆ చిక్కు లేదు: పేరుకున్నా అది కొబ్బరినూనే, కరిగినా కొబ్బరినూనే. నెయ్యి కూడా అంతే. పదార్థం మారలేదు, స్థితి మాత్రమే మారింది అన్న అసలు మాటను ఇక్కడ భాషే సగం చెప్పేస్తుంది.

కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో నగరంలో ఉష్ణోగ్రత అంతకంటే చాలా కిందికి దిగుతుంది గనుక, బడికి బయలుదేరే వేళ తలకు నూనె రాయడానికి అమ్మ సీసాను వేడినీళ్లలో పెట్టడం పిల్లలు చూసే ఉంటారు. పేరుకున్న నూనెను గోరుతో గీసి పిల్లవాడి అరచేతిలో పెడితే, తెల్లటి ముద్ద అంచుల నుంచి పారదర్శకమై వేళ్ల సందుల్లోకి జారుతుంది. దాన్ని కరిగించింది తన ఒంటి వేడే అని వాడికి చెప్పనవసరం లేదు. అదే ఐస్ అయితే చెయ్యి చల్లబడుతుంది, దానితో వాడి ధ్యాసంతా చలి మీదికే పోతుంది. సీసాలో నూనె పేరుకునేటప్పుడు ఉపరితలం మధ్యలో కాస్త గుంట పడటం మరో మంచి దృశ్యం. గడ్డకట్టిన నూనె తక్కువ చోటులో సర్దుకుంటుంది. చాలా పదార్థాల తీరు ఇదే. నీరు మాత్రం గడ్డకట్టి సుమారు 9 శాతం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే ఐస్ నీటిపై తేలుతుంది. అంటే మనం అందరికీ నమూనాగా చూపించే నీరే ఈ విషయంలో దారి తప్పిన పదార్థం.

అయితే వాయుస్థితి దగ్గరికి వచ్చేసరికి కొబ్బరినూనె చేతులెత్తేస్తుంది. అక్కడ నీటికి సాటి లేదు. ఐస్ వేసిన గ్లాసు బయట తడి చూసి ‘గ్లాసు కారుతోంది టీచర్’ అనే పిల్లలు ఏటా ఉంటారు. నీళ్లలో రంగు కలిపి, బయటి తడిని తెల్ల కాగితంతో అద్ది చూపిస్తే కాగితానికి రంగు అంటదు, ఆ తడి గాలిలోంచి వచ్చిందని తేలిపోతుంది. అలాగే మరిగే కెటిల్ మూతికి ఆనుకుని కొద్ది మేర ఏమీ కనిపించదు, నీటి ఆవిరి అంటే అదే. పిల్లలు ‘పొగ’ అని పిలిచే ఆ పైని తెల్లటిది మళ్లీ నీరైన సన్నటి బిందువుల గుంపు. దీన్ని దూరం నుంచే చూపించాలి. థర్మామీటరు పెడితే 100కు బదులు 98 డిగ్రీల దగ్గర ఆగుతుంది, పరికరాన్ని తప్పుపట్టకండి. మన ఊరు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, ఎత్తు పెరిగేకొద్దీ నీరు కాస్త తక్కువ ఉష్ణోగ్రతకే మరుగుతుంది.

రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ఇబ్బంది ‘కరగడం’ అన్న మాటతోనే. ఐస్ కరుగుతుంది, నీళ్లలో చక్కెరా కరుగుతుంది; తెలుగులో రెండింటికీ ఒకటే క్రియ. ఉర్దూ ఇంట్లో మాట్లాడే మా పిల్లలు ఐస్‌కు ‘పిఘల్‌నా’, చక్కెరకు ‘ఘుల్‌నా’ అని ఏ తడబాటూ లేకుండా విడదీస్తారు. ఆ రెండు మాటలనూ పలక మీద రాయించి, తెలుగు పిల్లలకు వారి చేతనే చెప్పించడం పుస్తకంలోని ‘ద్రవీభవనం’ కంటే బాగా పనిచేసింది.

ఇక పిల్లలనే కణాలుగా నిలబెట్టే ఆట. వరండాలో ఒకరినొకరు ఆనుకుని ఉన్నచోటే నిలబడి కదిలితే ఘనం, ఒకరి పక్క నుంచి ఒకరు జారితే ద్రవం, విడిపోయి పరుగెత్తితే వాయువు. సరదాగానే ఉంటుంది కానీ, దీన్ని మొదటి రోజు ఆడించడం పొరపాటని నా అభిప్రాయం. కణం అన్న ఊహే లేని పిల్లలకు అది పరుగుపందెంగానే మిగులుతుంది. పైగా ద్రవం దగ్గర మనం పిల్లలను మరీ ఎడంగా నిలబెడతాం, నిజానికి ద్రవంలోనూ కణాలు దాదాపు ఘనంలో ఉన్నంత దగ్గరగానే ఉంటాయి. నూనె సీసా చూసిన వారం తర్వాత ఆడిస్తే చాలు. వీడియోలైతే ఆ తర్వాతే.

ఒక చిక్కు మిగిలే ఉంది. పాఠం ఏప్రిల్‌లో పడితే హైదరాబాద్ ఎండకు నూనె పేరుకోదు. అప్పుడు సన్నటి సీసాలో కాస్త నూనె పోసి, ఐస్ నిండిన గిన్నెలో నిలబెట్టాలి. అంచుల దగ్గర తెల్లబారడం మొదలవగానే తరగతి అంతా గిన్నె చుట్టూ చేరుతుంది. చెరుకురసం బండి దగ్గరికి ఎలాగూ వెళ్లక తప్పదు.