ఇంజిన్ హెడ్ విప్పి చూపించనంటే ఆ ఆర్‌ఎక్స్ డర్ట్ బండి కొనకండి: హన్మకొండ నుంచి హెచ్చరిక

పాత యమహా ఆర్‌ఎక్స్ 100ను డర్ట్ బండిగా (మట్టి దిబ్బల మీద తిప్పే బండిగా) మార్చి, "జపాన్ ఇంజిన్, సింగిల్ ఓనర్, కాగితాలు పక్కా" అని మన దిక్కు అమ్ముతున్నరు. అట్లాంటి బండి ఒకటి నేను దీపావళి తర్వాత 82,000 పెట్టి కొన్న. మూడో రోజే పిస్టన్ పట్టేసింది. అది చిన్న దెబ్బ. పెద్ద దెబ్బ సంక్రాంతి తర్వాత ఆర్టీఏ ఆఫీసుల తగిలింది. అమ్మినాయన పేరు, ఊరు ఇక్కడ రాయను, ఫిర్యాదు పోలీసుల దగ్గర ఉన్నది. ఇదే తీరుగ అమ్మేటోళ్లు ఇంకా ఉంటరు కాబట్టి నేను ఏం చూడకుండ మోసపోయిన్నో మొత్తం రాస్తున్న. పొడుగైంది, అయినా కొనే ఆలోచన ఉన్నోళ్లు చివరిదాకా చదవండి.

మా బాపు భూపాలపల్లిల సింగరేణి నౌకరి చేసేటోడు. ఆయనకు ఆర్‌ఎక్స్ 100 ఉండె. అక్క పెండ్లప్పుడు అమ్మేసిండు. నాకు అప్పుడు ఎనిమిదేండ్లు. వీధి మలుపు తిరగంగనే ఆ చప్పుడు గుర్తుపట్టి గేటు తీసేటోణ్ణి. అందుకే నౌకరిల కుదురుకున్నంక ఇంటెనక రేకుల షెడ్డు ఏసుకొని టూస్ట్రోక్ బండ్ల మీద పడ్డ. ఇప్పటిదాకా ఒక యెజ్డీ, ఒక షోగన్ బోల్టు బోల్టు విప్పి మళ్ల లేపిన. ఈసారి డర్ట్ బండి కావాలనుకున్న. పరకాల దగ్గర మా బావ పొలం ఉన్నది, అండ్ల ఒక మూలకు ఎకరం చెలక ఖాళీగ ఉంటది. అక్కడ మట్టి దిబ్బలు పోసుకొని తిప్పుకుందామని.

నిజమైన టూస్ట్రోక్ డర్ట్ బండ్లు మన దగ్గర చానా తక్కువ. యమహా 1968ల డీటీ-1 అని 250 సీసీ బండి తెచ్చింది, మట్టిదారుల బండ్ల కథ అక్కణ్నుంచే మారింది. అవి మన షోరూంలకు రాలే. మనకు వచ్చింది ఆర్‌ఎక్స్ 100. 1985ల మొదలై 1996ల ఆగిపోయింది. 98 సీసీ, 11 హార్స్‌పవర్, బండి బరువు దాదాపు నూరు కిలోలు. అంత తేలికైన బండి, తిప్పంగనే లేచే ఇంజిన్ కాబట్టే మనోళ్లు దాన్నే మట్టి మీదికి దించిన్రు. ఇది రాయడం ఎందుకంటే, ట్యాంకు మీద డీటీ స్టిక్కర్ అంటించి "ఫారిన్ బండి" అని చెప్పేటోళ్లు గూడ ఉన్నరు. ఆర్‌ఎక్స్‌కు ముందు, వెనక రెండూ 18 ఇంచుల చక్రాలే. ఇంజిన్ నంబర్ 1ఎల్1 అని మొదలైతది. స్టిక్కర్ ఏదైనా సరే, ఆ నంబర్ చదవండి.

ఇగ నేను కొన్న రోజు. నేను పోయేసరికే బండి స్టార్ట్ చేసి ఉన్నది, సైలెన్సర్ ముట్టుకుంటే కాలుతున్నది. "మీరొస్తున్నరని వేడి చేసి పెట్టిన అన్నా" అన్నడు. నేను సంబరపడ్డ. అది సంబరపడేది కాదు. చల్లటి ఇంజిన్ ఎన్ని కిక్కులకు లేస్తది, లేచినంక ఏం పొగ ఇడుస్తది అన్నదే అసలు పరీక్ష. వేడి ఇంజిన్ ల రోగం దాగుతది.

ఇంజిన్ మొత్తం కొత్త నల్ల పెయింటు, నట్లన్నీ కొత్తయి. హెడ్, అంటే ఇంజిన్ పై మూత, ఒకసారి విప్పి చూపించమన్న. హెడ్‌కు ఉన్నవి నాలుగు నట్లు, పానా ఉంటే పది నిమిషాల పని. గ్యాస్కెట్ పోతే ఆ పైసలు నేనే ఇస్త అన్న. "కంపెనీ ఫిట్టింగ్ అన్నా, ముట్టుకుంటే మళ్ల ఆ సెట్టింగ్ రాదు" అన్నడు. ముప్పై ఏండ్లు దాటిన బండికి ఇంకా కంపెనీ ఫిట్టింగ్ ఉంటదా అని నేను అడగలే. చప్పుడు నా చెవుల నిండి ఉన్నది, మనసు అప్పటికే బండెక్కి కూసున్నది. అక్కణ్నే లేచి రావాల్సింది. 10,000 అడ్వాన్సు ఫోన్‌ల కొట్టిన, మిగతాది తెల్లారి చేతికిచ్చిన.

మూడో రోజు పొద్దున బావ చెలకల మూడో గేర్‌ల పోతుంటే వెనక చక్రం ఒక్కసారి బిగుసుకపోయింది. క్లచ్ పట్టే టైం లేదు. మట్టి కాబట్టి మోచేయి, భుజం గీక్కుపోయి బతికిన. అదే ములుగు రోడ్డు మీద ఇసుక లారీ ముంగట అయితే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర రాదు. ఆయిల్ తక్కువైందేమో అని అందరూ అడుగుతరు. లీటర్ పెట్రోల్‌కు 40 మిల్లీలీటర్లు కలిపిన, అంటే ఒకటికి ఇరవై అయిదు పాళ్లు. ఆయిల్ తక్కువ కాదు.

బండిని ఆటో ట్రాలీల ఏసుకొని మా మెకానిక్ చాచా దగ్గరికి తెచ్చిన. నలభై ఏండ్లుగ టూస్ట్రోక్ బండ్లే చేసిన చెయ్యి ఆయనది. స్పార్క్ ప్లగ్గు తీసి చూసి, "తెల్లగ సున్నం లెక్కుంది బిడ్డా, గాలి ఎక్కువ తాగింది" అన్నడు. మంచి మంటకు ప్లగ్గు ఇటుక రంగుకు, గోధుమ రంగుకు నడుమ ఉంటది. తర్వాత హెడ్ తీసినం. పిస్టన్ నెత్తి మీద 100 అని గుద్ది ఉన్నది. ఆర్‌ఎక్స్ పిస్టన్ అసలు సైజు 50 మిల్లీమీటర్లు. పిస్టన్ ఆడే బ్లాక్ అరిగితే లోపల కోసి వెడల్పు చేస్తరు, దాన్నే బోరింగ్ అంటరు. ఒక్కో బోరింగ్‌కు పావు మిల్లీమీటర్ పెరుగుతూ 25, 50, 75, 100 అని నాలుగు సైజులు వస్తయి. 100 అంటే 51 మిల్లీమీటర్లకు వచ్చేసిందని, ఆ బ్లాకుకు ఇంక బోరింగ్ లేదని, లోపల కొత్త గొట్టం, అంటే స్లీవ్ వేయాల్సిందేనని. "జపాన్ బ్లాక్, స్టాండర్డ్ సైజు" అని నాకు చెప్పింది ఈ బ్లాక్ గురించే.

చాచా మ్యాగ్నెట్ (ఇంజిన్ ఎడమ దిక్కు తిరిగే కరెంటు చక్రం) గుంజి ఎడమ దిక్కు ఆయిల్ సీల్ చూపిచ్చిండు. పెదవి చినిగి ఉన్నది. ఇక్కడ కొంచెం వివరంగ చెప్త, ఎందుకంటే నన్ను కింద పడేసింది ఇదే. ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్ ల కింది కేసు ఆయిల్ ఉండే జాగ. టూస్ట్రోక్‌ల అట్ల కాదు. కార్బురేటర్ నుంచి వచ్చిన పెట్రోల్, గాలి ముందు కింది కేసులకే పోతయి, పిస్టన్ దిగేటప్పుడు అక్కడ నొక్కుకొని పైకి ఎక్కుతయి. అంటే కేసుకు ఎక్కడ సందు ఉండొద్దు. ఎడమ సీల్ చినిగితే బయటి గాలి లోపలికి గుంజుకుంటది. గాలి పెరిగి పెట్రోల్ పాలు తగ్గుతది, పెట్రోల్‌తోనే వచ్చే ఆయిల్ గూడ తగ్గుతది. పిస్టన్ కాగి ఉబ్బి బ్లాకును పట్టేస్తది. కుడి దిక్కు, అంటే క్లచ్ దిక్కు సీల్ పోతే కథ వేరే. గేర్ ఆయిల్ లోపలికి గుంజుకుంటది, తెల్లపొగ ఆగకుండ వస్తది, గేర్ ఆయిల్ తగ్గుకుంట పోతది. రెండు వందలు గూడ లేని సీల్ అది. కానీ అది మార్చాల్నంటే మ్యాగ్నెట్ తీయాలె, తీస్తే కింద కేసు పగులు కనపడతది. ఆ పగులుకు ఎమ్‌సీల్ పూసి పైన నల్ల పెయింటు కొట్టిన్రు. కొత్త పెయింటు ఎందుకో అప్పుడు అర్థమైంది.

కేసుకు సందు ఉన్నదా లేదా అన్న పరీక్ష కొనక ముందే చేయొచ్చు, చాచా నాకు నేర్పిండు. ఇంట్ల పాత బీపీ మిషన్ ఉంటే దాని రబ్బరు బుడగ, గడియారం పనికొస్తయి. కార్బురేటర్, సైలెన్సర్ తీయాలె. బ్లాక్‌కు సైలెన్సర్ బిగించే రంధ్రాన్ని సైకిల్ ట్యూబ్ ముక్క, చిన్న రేకు పెట్టి బిగించి మూయాలె. కార్బురేటర్ దిక్కు మూతకు బీపీ గొట్టం ఎక్కించి గాలి కొట్టాలె. గడియారం 300 చూపిస్తే అది దాదాపు 6 పీఎస్ఐ. అంతకు మించి కొట్టొద్దు, సీళ్లే పోతయి. ఆరు నిమిషాలు ఆగి చూడాలె. ముల్లు కదలకుంటే మంచిది, నిమిషానికి 50 కన్నా ఎక్కువ పడిపోతే సందు ఉన్నట్టే. సబ్బునీళ్లు పూస్తే బుడగలు ఎక్కడ లేస్తయో అక్కడ దొంగ. మొత్తం గంటలోపు పని. మ్యాగ్నెట్‌ను చేత్తో పట్టి పైకి కిందికి ఊపి చూసినా బేరింగులు అరిగినయా లేదా తెలుస్తది. హెడ్, బ్లాక్ తీస్తే కనెక్టింగ్ రాడ్‌ను నిట్టనిలువుగ గుంజి చూడండి. పక్కకు కొంచెం కదలడం మామూలే, నిలువుగ టక్కుమంటే క్రాంక్ (పిస్టన్ కింద తిరిగే ఇరుసు) పోయినట్టు.

కేసు పగిలింది గద, వేరే సెకండ్‌హ్యాండ్ కేసు ఏద్దామన్న. చాచా వద్దన్నడు. ఇంజిన్ నంబర్ కేసు మీదనే ఉంటది. కేసు మారిస్తే ఆర్సీల నంబర్, బండి నంబర్ వేరయితయి. అందుకే ఆర్గాన్ వెల్డింగ్ చేయించినం. వెల్డింగ్‌కు 1,500, క్రాంక్ పనికి 5,500, స్లీవ్, కొత్త పిస్టన్‌కు 6,500, బేరింగులు, సీళ్లు 2,000. మొత్తం 15,500. ఈ పైసలు పెట్టక ముందు ఆర్టీఏకు పోయి ఉంటే అవన్న మిగిలేటియి.

ఆర్సీ ఏపీ 15 నంబర్ ది, అంటే పాత కరీంనగర్ రిజిస్ట్రేషన్. పదిహేనేండ్ల గడువు ఎప్పుడో దాటింది. "రెన్యువల్ ఏముందన్నా, ఒక్క పూట పని" అన్నడు. బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద ముందే సంతకాలు పెట్టి ఉన్నయి, పేర్లు, తేదీల గడులు ఖాళీ. అదే పెద్ద సూచన, నేను అదృష్టం అనుకున్న. పదిహేనేండ్లు దాటిన బండికి తనిఖీ చేసి అయిదేండ్లకు ఒకసారి రెన్యువల్ ఇస్తరు. తనిఖీల సారు హ్యాండిల్ కింద మెడ గొట్టం మీద చాసిస్ నంబర్‌కు కాగితం పెట్టి పెన్సిల్ రుద్దిండు. అంకెలు ఒక్క వరుసల లేవు. రెండు లోతుగ, మూడు పైపైన. థిన్నర్ గుడ్డతో తుడిస్తే కొత్త అంకెల కింద పాత అంకె అంచులు కనపడ్డయి. మెడ కింద గొట్టానికి వెల్డింగ్ గీత గూడ ఉన్నది. డర్ట్ బండి కోసం ఫ్రేమ్ బలం చేసిన్రని నాకు చెప్పిన వెల్డింగ్ అదే. సారు కోపం చేయలే. "ఇది మేం చేసేది కాదు, ముందు స్టేషన్‌ల చెప్పుకో తమ్మీ" అని ఫైల్ తిరిగి ఇచ్చిండు.

ఆర్సీల ఉన్న అడ్రస్ పట్టుకొని ఆ ఊరు పోయిన. పెద్దాయన అరుగు మీద కూసోని ఉన్నడు. ఆర్సీ చూపిస్తే గుర్తుపట్టిండు. "నాదే బిడ్డా. బండి తుప్పు పట్టి లేవకపోతే ఇనుప సామానోనికి తూకానికి ఇచ్చిన. ఆర్సీ ఇంట్లనే ఉండె. ఒక పిలగాడు వచ్చి కాగితం ఇస్తే వెయ్యి రూపాయలిస్త అంటే ఇచ్చిన. సంతకాలు గూడ పెట్టమన్నడు" అన్నడు. ఆయన నాకు చాయ్ పోయించిండు. ఆయన తప్పేం లేదు, ఆయనకు ఎవరూ చెప్పలే. మీ ఇంట్ల గూడ తూకానికి పోయిన బండి ఆర్సీ ఉంటే దయచేసి ఎవరికీ ఇయ్యకండి, ఆర్టీఏల అప్పజెప్పి రద్దు చేయించండి. ఆ కాగితం మీదనే వేరే బండి పుడతది.

మరి నా దగ్గర ఉన్న ఫ్రేమ్ ఎవరిది? నాకు తెల్వదు. ఎవరి ఇంటి ముంగట్నుంచి పోయిన బండో. దొంగ సొత్తు అని తెలిసి, లేదా అనుమానించాల్సిన కారణం ఉండి గూడ కొన్నోళ్ల మీద భారతీయ న్యాయ సంహిత 317 కింద కేసు అయితది. అందుకే అదే రోజు నేనే స్టేషన్‌కు పోయి రాతపూర్వకంగ ఇచ్చిన. ఫోన్‌ల పైసలు కొట్టిన వివరాలు, అమ్మినాయన మాట్లాడిన మెసేజ్‌లు, బండి ఫోటోలు అన్నీ పెట్టిన. చేతికిచ్చిన 72,000కు మాత్రం నా దగ్గర ఒక్క చీటీ లేదు. ఆ పైసలు గూడ బ్యాంకు ద్వారానే ఇచ్చి, సంతకాలతో కొనుగోలు కాగితం రాయించుకొని ఉంటే ఇయ్యాల నా మాట గట్టిగ నిలబడేది. అడ్వాన్సు తీసుకొని ఫోన్ బంద్ చేసినోళ్లు తగిలితే మాత్రం ఆలస్యం చేయకుండ సైబర్ మోసాల నంబర్ 1930కు ఫోన్ చేయండి. ఎంత జల్ది చేస్తే అంత మంచిది.

ఇంకొకటి, రోడ్డు బండి ఫ్రేమ్ కోసి మార్చడం మోటారు వాహనాల చట్టం 52 సెక్షన్ ఒప్పుకోదు. కాబట్టి నిజమైన బండి అయినా, ఫ్రేమ్ కోసి ఉంటే రెన్యువల్ కష్టం. పొలంల మాత్రమే తిప్పుకుంటమన్నా సరే, మెడ మీద నంబర్ నిఖార్సుగ ఉన్నదే తీసుకోండి. పోయేటప్పుడు ఫోన్ టార్చి, థిన్నర్ గుడ్డ, పెన్సిల్, తెల్ల కాగితం పట్టుకపోండి. నంబర్ ముద్ర తీసుకొని ఆర్సీ పక్కన పెట్టి చూడండి. ఆర్సీల ఉన్న మనిషితో ముఖాముఖి మాట్లాడకుండ రూపాయి ఇయ్యకండి. "ఓనర్ దుబాయ్ పోయిండు" అంటే ఓనర్ వచ్చేదాకా ఆగండి.

బండి ఇప్పుడు షెడ్డుల లేదు, స్టేషన్ ఆవరణల ఉన్నది. ఇంజిన్ గూడ దాంతోనే పోయింది. బాపుకు మొత్తం చెప్పినంక కాసేపు ఏం అనలే. తర్వాత "ఎవరిదో వాళ్లకు దొరికితే మంచిదే" అన్నడు.

వరంగల్, హన్మకొండ, కాజీపేట చుట్టుపక్కల ఎవరైనా ఆర్‌ఎక్స్ గాని, షోగన్ గాని చూడటానికి పోతుంటే ఒక్కళ్లే పోకండి. ఆదివారాలు నేను ఖాళీనే. పానాలు, బీపీ పంపు తీసుకొని నేనొస్త, చాచాకు వీలుంటే ఆయన గూడ వస్త అన్నడు.